కడుపు తొలిచే ఉలి

మా అమ్మమ్మ పెట్టెలో ఒక లక్కపిడతల సెట్టు ఉండేది. పొయ్యి, తిరగలి, గుండిగ, గరిటె, వాటి మధ్య ఎర్రటి చిన్న బిందె. బిందె మూతిలో నా చిటికెన వేలు మొదటి కణుపు దాకా వెళ్లి ఆగిపోయేది. వేలు వంచితే లోపల ఖాళీ తగిలేది, ఆ ఖాళీ మూతికన్నా చాలా వెడల్పు. అతుకు ఎక్కడా లేదు. ఒకే కర్ర ముక్క. ఇంత సన్నటి మూతిలోంచి లోపలి కర్రనంతా ఎలా బయటికి తీశారని నేను అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు.

కుమ్మరి చేతిలో ఈ ప్రశ్న పుట్టదు. మట్టి మెత్తన. ముందు వెడల్పుగా లేపి, లోపల చెయ్యి పెట్టి కడుపు ఉబ్బించి, చివర మెడ దగ్గరికి నొక్కుతాడు. కర్ర అలా వంగదు, సాగదు. కర్రతో చేయగలిగింది ఒక్కటే, అక్కర్లేనిది తీసేయడం. తీసేసింది కూడా వచ్చిన దారినే, ఆ మూతిలోంచే బయటికి రావాలి.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాళ్లు అంకుడు కర్ర వాడతారు. తెల్లగా, మెత్తగా, పోచ సన్నగా ఉండే కర్ర. కర్ణాటకలో చెన్నపట్నం బొమ్మలకు వాడేదీ అదే చెట్టు. కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలి ఆనించి రూపం తెస్తారు. తిరుగుతుండగానే లక్క కడ్డీని నొక్కితే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆకులు, వేళ్లు, గింజల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. లేత్‌కు మన పాత నిఘంటువుల్లో ‘తరిమెన’ అనే మాట ఉంది. ఈ పని మనకు కొత్త కాదని ఆ మాటే సాక్ష్యం.

అక్కడి కుంకుమ భరిణె కూడా డొల్లే. కాని భరిణె మూతి, కడుపు ఇంచుమించు ఒకే వెడల్పు. ఉలి నిటారుగా లోపలికి పోతుంది, కొస కంటికి కనిపిస్తుంది. బొబ్బిలి వీణ కుండను పనస మొద్దులోంచి తొలిచేటప్పుడూ పైభాగం తెరిచే ఉంటుంది, చూపు అడుగుదాకా అందుతుంది. మూతి సన్నగా, కడుపు వెడల్పుగా ఉన్న పాత్రలో ఆ సౌకర్యం లేదు. కొస భుజం చాటుకు పోతుంది. అక్కడ ఏం జరుగుతోందో పిడి చివర ఉన్న చెయ్యి, పక్కనున్న చెవి చెప్పాలి. ఆ పనికి పుట్టిన పనిముట్టు గురించే ఈ అధ్యాయం.

లేత్ మీద పనిచేసేవాడు ఉలిని గాలిలో పట్టుకోడు. కర్ర ముందు ఒక ఇనుప ఆసరా ఉంటుంది. దాన్ని టూల్ రెస్ట్ అంటారు. ఉలి దానిమీద ఆనుతుంది. బయటివైపు చెక్కేటప్పుడు ఆసరాను కర్రకు అర అంగుళం దూరంలో పెట్టుకోవచ్చు. లోపల తొలిచేటప్పుడు ఆసరా మూతి బయటే ఆగిపోతుంది, ఉలి మాత్రం లోపలికి పోతూనే ఉండాలి. ఆసరాకూ కొసకూ మధ్య ఉన్న ఆ ఆధారంలేని దూరమే ఈ పనిలోని కష్టాలన్నిటికీ మూలం.

ఒక కొస బిగించి రెండో కొస వదిలేసిన కడ్డీ మీద బరువు పెడితే ఎంత వంగుతుందో లెక్క తెలుసు. వంపు పొడుగు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పొడుగు రెండింతలైతే వంపు ఎనిమిదింతలు, మూడింతలైతే ఇరవై ఏడింతలు. 12 మి.మీ. మందం గుండ్రటి ఉక్కు కడ్డీ తీసుకుందాం. కొస మీద 10 కిలోల బరువు పడిందనుకుందాం. ఆసరా దాటి 100 మి.మీ. ఉంటే కొస 0.16 మి.మీ. కిందికి దిగుతుంది. కాగితం మందంకన్నా కొంచెం ఎక్కువ. 200 మి.మీ. ఉంటే 1.3 మి.మీ. 300 మి.మీ. ఉంటే 4.3 మి.మీ. మూడు మి.మీ. గోడ మిగల్చాలనుకున్న పాత్రలో కొస నాలుగు మి.మీ. ఊగిందంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మందం సంగతి ఇంకా తీవ్రం. వంపు మందం నాలుగో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. 12 మి.మీ. కడ్డీ బదులు 18 మి.మీ. కడ్డీ వాడితే, మందం పెరిగింది ఒకటిన్నర రెట్లే అయినా, వంపు ఐదోవంతుకు పడిపోతుంది. ఆ 4.3 మి.మీ. ఒక్క మి.మీ. లోపలికి వస్తుంది. తొలిచే ఉలి కాడ గడ్డపారలా అంత లావుగా, దాని చివర కోత ముక్క మాత్రం 5, 6 మి.మీ. వెడల్పుతో అంత చిన్నగా ఎందుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కాడ లావైతే వంపు తగ్గుతుంది. ముక్క చిన్నదైతే ఒక్కసారి తెంచే కర్ర తగ్గి, కొస మీద పడే బలమే తగ్గుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఈ పొంతన వింతగా ఉంటుంది. నాకైతే ఉలి మొత్తంలో ఇంతకన్నా తెలివైన విషయం లేదనిపిస్తుంది.

పిడి పొడుగు కూడా ఈ లెక్కలోంచే వచ్చింది. ఆసరాకు ముందు 300 మి.మీ. దూరంలో 10 కిలోలు కిందికి నొక్కుతుంటే, ఆసరాకు వెనక 600 మి.మీ. దూరంలో చెయ్యి 5 కిలోల బలంతో దాన్ని ఆపగలదు. వెనక 150 మి.మీ. దూరంలోనే పట్టుకుంటే 20 కిలోలు కావాలి. కొస ఎక్కడైనా గుచ్చుకుపోతే ఆ బలం ఒక్కసారిగా ఎన్నో రెట్లు అవుతుంది. అందుకే లోతు పాత్రలు తొలిచేవాళ్లు గజం పొడుగు పిడిని చంక కింద ఇరికించి, పక్కటెముకలకు ఆనించి, ఒంటి బరువుతో నడుపుతారు.

ఇంతవరకు నిటారు ఉలి సంగతి. నిటారు ఉలి అడుగును చేరుతుంది కాని భుజం లోపలివైపును చేరలేదు. అక్కడికి చేరాలంటే కొస పక్కకు వంగి ఉండాలి. వంగిన వెంటనే కొత్త చిక్కు మొదలవుతుంది. కాడ నడుమ గీతకు కొస 4 సెం.మీ. పక్కన ఉందనుకోండి. దానిమీద 10 కిలోలు పడితే ఉలి మొత్తం పిడితో సహా గిర్రున తిరగాలని చూస్తుంది. పిడి వ్యాసార్థం 2 సెం.మీ. అయితే, ఆ తిప్పుడును ఆపడానికి అరచెయ్యి 20 కిలోల బలంతో పట్టి ఉంచాలి. అరగంట అలా పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

1970ల నడుమ అమెరికాలో డేవిడ్ ఎల్స్‌వర్త్ వంకర ఉలులు తయారు చేసుకుని, చిన్న రంధ్రంలోంచి పెద్ద డొల్ల పాత్రలు తొలిచి, అదొక కళగా నిలబెట్టాడు. ఆ దేశపు లేత్ కళాకారుల సంఘం 1986లో ఏర్పడ్డప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. వంకర ఉలి పట్టే ప్రతివాడూ ముందుగా నేర్చుకునే నియమం ఒకటుంది. ఆసరా మీద ఆనేది కాడలోని నిటారు భాగమే కావాలి, వంపు ఎప్పుడూ దానిమీదికి రాకూడదు. వంపు ఆసరా మీదికి వచ్చిందంటే ఉలి నిలిచే చోటు జారిపోయి, కొస చేతిని వదిలించుకుని తిరుగుతుంది. దీనికి మరో పరిష్కారం హంస మెడ ఆకారం. కాడ ముందు ఒకవైపు వంగి, మళ్లీ ఎదురువైపు వంగి, కొసను తిరిగి నడుమ గీత మీదికి తెస్తుంది. పక్క దూరం సున్నా అయితే తిప్పుడూ సున్నా. ఇంకా పెద్ద పాత్రలకైతే కాడ తిరగకుండా రెండు కమ్మీల మధ్య బంధించే చట్రాలు వచ్చాయి. తిప్పుడునంతా చట్రం మోస్తుంది, చెయ్యి దారి చూపితే చాలు.

ఇక్కడ ఎత్తు గురించి చెప్పాలి. బొమ్మ గీసుకుని చూస్తే తప్ప నాకు ఇది మొదట్లో ఎక్కలేదు. లేత్ మీద కర్ర మన వైపు పైనుంచి కిందికి తిరుగుతుంది. కాబట్టి కొస వంగినప్పుడల్లా కిందికే వంగుతుంది. కాగితం మీద ఒక వృత్తం గీసి, కేంద్రం గుండా అడ్డగీత గీయండి. వృత్తం లోపలినుంచి చూస్తే గోడ అన్నిటికన్నా దూరంగా ఉండేది ఆ అడ్డగీత మీదే. పైకి పోయినా కిందికి పోయినా గోడ లోపలికి వస్తుంది. కొసను కేంద్రానికి కాస్త పైన పెట్టి మొదలుపెడితే, వంగి కిందికి దిగినప్పుడు గోడ దానికి దూరంగా జరుగుతుంది. కోత తేలికై ఉలి తనంతట తానే తేరుకుంటుంది. కేంద్రానికి సరిగ్గానో, కిందనో పెడితే దిగేకొద్దీ గోడ మీదికి వస్తుంది. 50 మి.మీ. వ్యాసార్థం ఉన్న డొల్లలో కేంద్రం నుంచి 5 మి.మీ. దిగితే గోడ పావు మి.మీ. ముందుకు వచ్చినట్టు. అడక్కుండానే ఉలి పావు మి.మీ. ఎక్కువ కోస్తుంది. ఎక్కువ కోస్తే బలం పెరుగుతుంది, బలం పెరిగితే ఇంకా వంగుతుంది, వంగితే ఇంకా కోస్తుంది. కర్రను లేత్‌కు బిగించి పట్టే చక్‌లోంచి పాత్ర ఎగిరిపడేది ఇలాగే. బయటివైపు గీకుడు ఉలి పట్టేటప్పుడు ఇదంతా తలకిందులు. అక్కడ కేంద్రానికి కాస్త కిందుండటమే క్షేమం. బయట అలవాటైన ఎత్తుతోనే లోపలికి దిగేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు నడుమ డ్రిల్లుతో అడుగుదాకా రంధ్రం వేస్తారు. 120 మి.మీ. వెడల్పు పాత్ర నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే అంచు దగ్గర కర్ర సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతుంది. నడుమ నుంచి 5 మి.మీ. దూరంలో ఆ వేగం సెకనుకు అర మీటరు కూడా లేదు. సరిగ్గా కేంద్రంలో కర్ర నిలబడి ఉన్నట్టే, ఎంత పదునున్నా ఉలి నలుపుతుందే కాని కోయలేదు. డ్రిల్లు ఆ చోటును ముందే ఖాళీ చేస్తుంది. ఎంత లోతు వెళ్లాలో కూడా ఆ రంధ్రమే కొలత.

తర్వాత ఏ వైపునుంచి ఏ వైపుకు కోయాలి? చెట్టు కాండం పొడుగు లేత్ పొడుగునే ఉంటే పోచలన్నీ మూతినుంచి అడుగుకు వరసగా నిలబడి ఉంటాయి. ఒక వరిగడ్డి మోపును నిలబెట్టి నడుమ గుంటలా కోశారనుకోండి. నడుమ పోచలు పొట్టి, అంచువి పొడుగు. నడుమనుంచి అంచుకు కోస్తూ పోతే తెగే ప్రతి పోచ వెనకా దానికన్నా పొడుగు పోచ ఆసరాగా ఉంటుంది, కోత నున్నగా వస్తుంది. అంచునుంచి నడుమకు కోస్తే పోచ వెనక ఏమీ ఉండదు. తెగకుండా వంగి, చీలి, గోడ మీద గరుకు మచ్చ వదుల్తుంది. భుజం లోపలా ఇదే నియమం, కాకపోతే అద్దంలో చూసినట్టు. మెడ దగ్గరనుంచి కడుపు వైపుకు కోయాలి. అంటే అడుగునుంచీ మెడనుంచీ కూడా సన్నటి చోటునుంచి వెడల్పుకు బయల్దేరి, రెండు కోతలూ కడుపు అంచున కలుస్తాయి.

ఈలోగా లోపల పొట్టు పేరుకుంటుంది. పచ్చి కర్రైతే తడి పేళ్లు ఉండచుట్టుకుని కాడకూ గోడకూ మధ్య మేకులా బిగుసుకుంటాయి. నాలుగైదు కోతలకొకసారి లేత్ ఆపి, పాత్రను ఖాళీ చేయాల్సిందే. తిరుగుతుండగా వేలు పెట్టడం ఎవరికీ తగదు. వేలు ఇరికితే మూతి సన్నం కాబట్టి వెనక్కి రాదు. వేలాడే తువ్వాలు, వదులు చేతులు, చేతి తొడుగులు కూడా అంతే. మొహానికి అడ్డు తొడగడం, పాత్ర పగిలితే ముక్కలు ఎగిరే వరసలో నిలబడకపోవడం ముందే అలవాటు కావాలి. కర్ర ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. ముక్కుకు గుడ్డ చాలదు, సన్నటి ధూళిని ఆపే మాస్కు కావాలి.

గోడ మందం చూడటానికి వంకర కాలిపర్లు ఉన్నాయి. కాడకు పైన లేజర్ దీపం బిగించి, కొస ఎక్కడుందో బయటి గోడ మీద ఎర్రచుక్కగా చూపే ఏర్పాటూ వచ్చింది. అయినా చెవి పని పోలేదు. గోడ మందంగా ఉన్నంతసేపు కోత చప్పుడు మొద్దుగా ఉంటుంది. పలచబడేకొద్దీ గోడే మోగడం మొదలవుతుంది. ఉన్నట్టుండి చప్పుడు మారితే చెయ్యి వెనక్కి తీసి, లేత్ ఆపి కొలుచుకోవాలి. పచ్చి కర్రలోనైతే దీపం దగ్గర పెడితే పలచటి గోడలోంచి వెలుతురు తెలుస్తుంది కూడా.

ఇక పదును సంగతి. ఉలి ఎంత లావైనా, ఎత్తు ఎంత సరిగ్గా పెట్టినా, కొస మొద్దుబారితే ఇంతవరకు వేసిన లెక్కలన్నీ మారిపోతాయి. మొద్దు కొస కోయదు కాబట్టి మనిషి నెడతాడు. నెట్టిన బలమంతా వంపుగా, ఊగుడుగా మారుతుంది. మొద్దుబారడానికి గుర్తులున్నాయి. చుట్టలు చుట్టలుగా వచ్చే పేళ్ల బదులు పొడి రావడం, కాలిన వాసన, గోడ మీద గీతలు, చెయ్యి తెలియకుండానే బిగుసుకోవడం. ఈ చివరిదే అన్నిటికన్నా ముందు వస్తుంది.

పాతకాలం కార్బన్ ఉక్కుకు మంచి పదును వస్తుంది కాని వేడికి ఆగదు. సానరాయి మీద ఎండుగడ్డి రంగు తిరిగి, ఆపైన నీలం అయిందంటే, అంటే దాదాపు 300 డిగ్రీలు దాటిందంటే, ఆ కొస మెత్తబడినట్టే. నీలమైనంత మేర అరగదీసి మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే దాన్ని మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ సాన పడతారు. ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ అనే ఇద్దరు 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని బెత్లహేమ్ ఉక్కు కర్మాగారంలో, ఎర్రబడేంత వేడెక్కినా గట్టిదనం పోని ఉక్కును తయారుచేశారు. 1900 పారిస్ ప్రదర్శనలో దాన్ని ప్రపంచం చూసింది. అదే హైస్పీడ్ స్టీల్. ఈనాటి ఉలుల్లో ఎక్కువగా వాడే ఎం-2 రకంలో టంగ్‌స్టన్ సుమారు 6 శాతం, మాలిబ్డినం 5 శాతం ఉంటాయి. సాన దగ్గర నీలం తిరిగినా దీనికి నష్టం లేదు. పైగా వేడిమీద చన్నీళ్లలో ముంచితే కొసన కంటికి కనపడని పగుళ్లు రావచ్చు, గాలికి చల్లారనివ్వడమే మేలు.

మూడో రకం కార్బైడ్. 1920ల్లో జర్మనీలో టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్టుతో కలిపి కాల్చి తయారుచేశారు. ‘వజ్రంలా’ అనే అర్థం వచ్చేలా దానికి విడియా అని పేరు పెట్టారు. రూపాయి బిళ్లలాంటి చిన్న కార్బైడ్ ముక్కను స్క్రూతో బిగిస్తారు. ఒకవైపు అరిగితే కాస్త తిప్పి కొత్త అంచు వాడుకుంటారు. పెళుసు కాబట్టి కింద పడితే అంచు రాలుతుంది. మామూలు సానరాయి దాన్ని ఏమీ చేయలేదు. వజ్రపు పలక మీద పైముఖాన్ని చదునుగా పది పన్నెండుసార్లు రుద్దితే కొంత పదును తిరిగి వస్తుంది. ముక్క విప్పినప్పుడల్లా అది కూర్చునే గుంటను శుభ్రంగా తుడవాలి. బంకతో కలిసిన పొట్టు ఒక్క పలుకు కింద మిగిలినా ముక్క ఒరిగి కూర్చుంటుంది, బిగించగానో బలం పడగానో పగులుతుంది.

హైస్పీడ్ ముక్కకు సాన పట్టేటప్పుడు అంచు కింద మడమను కూడా కొంచెం అరగదీయాలి. డొల్ల గోడ వంపు తిరిగి ఉంటుంది కదా. మడమ ఎత్తుగా ఉంటే అంచు కర్రను తాకకముందే మడమ గోడకు రాసుకుంటుంది. అప్పుడు ఎంత పదునుపెట్టినా కోయని ఉలి అవుతుంది. మడమే దోషమని తెలియక అంచునే మళ్లీ మళ్లీ అరగదీసిన రోజులు నాకు బాగా గుర్తు.

ఇంగ్లండులో బర్క్‌షైర్‌లోని బకిల్‌బరీలో జార్జ్ లైలీ అనే ఆయన 1958లో చనిపోయేదాకా కాలితో తొక్కే పాత లేత్ మీద ఎల్మ్ కర్ర గిన్నెలు చేసేవాడు. ఆ లేత్‌లో కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిరుగుతుంది, ముందుకు తిరిగినప్పుడే కోత. కొడవలి కొసలా వంచిన కొక్కెం ఉలులతో ఒకే మొద్దులోంచి ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలను విడదీసేవాడు. ఆయనతోపాటు ఆ దేశంలో ఆ విద్య ఆగిపోయింది. లేత్, పనిముట్లు రెడింగ్‌లోని గ్రామీణ జీవన మ్యూజియంలో చేరాయి. 1990ల్లో రాబిన్ వుడ్ అనే పనివాడు ఆ పనిముట్లనే చూసి, అలాంటివి కొలిమిలో కొట్టుకుని, ఆ విద్యను మళ్లీ నేర్చుకున్నాడు. నేర్పేవాడు లేకపోయినా ఉలి ఆకారం అంత చెప్పగలిగింది. మన ఊళ్లలో మూలపడ్డ పాత లేత్ ఉలులను పాత ఇనుముకు వేసేముందు ఇది ఎవరైనా గుర్తుచేసుకుంటే బాగుండును.

పని అయ్యాక ఉలిని తుడిచి పెట్టడం గురించి ఒక మాట. కలంకారీలో నలుపు ఎలా వస్తుందో మనకు తెలుసు. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము నానబెట్టిన కషాయం తగిలితే నల్లబడుతుంది. టానిన్, ఇనుము కలిస్తే నలుపు. తుమ్మలాంటి టానిన్ ఎక్కువున్న పచ్చి కర్రను తొలిచినప్పుడు ఉలి మీదా, గోడ మీదా అదే రసాయనం పనిచేస్తుంది. రాత్రంతా అలాగే వదిలేస్తే తెల్లారేసరికి కాడ నల్లగా, దానికింద తుప్పు. పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె పూస్తే చాలు. ముక్కను బిగించే స్క్రూ వదులైందేమో, స్క్రూ రంధ్రం చుట్టూ పగులుందేమో చూసుకోవాలి. టూల్ రెస్ట్ మీద కాడ గుద్దుకున్న నొక్కులు పడతాయి. ఆ నొక్కులో కాడ ఆగి ఆగి జారితే లోపల కోత కూడా మెట్లు మెట్లుగా వస్తుంది. నెలకోసారి ఆకురాయితో ఆ అంచును సమం చేసి, కాస్త మైనం రుద్దితే ఉలి నీళ్లమీద జారినట్టు జారుతుంది.

నేను మొదటిసారి పగలకుండా పూర్తిచేసిన సన్నమూతి పాత్రను దాచుకోలేదు. రంపంతో నిలువునా రెండుగా కోశాను. చూపు చేరనిచోట చెయ్యి ఏం చేసిందో చూడటానికి వేరే దారి లేదు. మూతి దగ్గర గోడ 4 మి.మీ., కడుపు దగ్గర 5. అడుగున సరిగ్గానే ఉంది. భుజం లోపల మాత్రం 11. కొస అక్కడ గోడను తాకుతోందని నేను అనుకున్నంతసేపూ తాకింది కాడ వంపు. ఆ రెండు చెక్కలూ ఇప్పటికీ సానరాయి పక్కనే ఉన్నాయి. కొత్త మొద్దు చక్‌లో బిగించేముందు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, ఆ భుజం మందాన్ని బొటనవేలితో ఒకసారి తడిమి పెడతాను.